బస్సు కింద పడ్డ అల్లుడు

అత్తగారు రాజమండ్రి నుంచి పంపిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలో పది ఉండాలి. ఆదివారం సాయంత్రం మా ఆవిడ మూత తీసి చూస్తే ఏడే ఉన్నాయి.

"ఏవండీ, ఇవి పది ఉండాలి కదా?"

"ఏడే పంపారేమో. నువ్వు సరిగ్గా లెక్కపెట్టి ఉండవు."

"నిన్న నేనే లెక్కపెట్టి సర్దానండీ."

"ఈ మధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది. మొన్న పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోలేదూ?"

పాపం, నిజంగానే ఆలోచనలో పడింది. గండం గడిచినట్టే అనుకుంటుండగా, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "నాన్నా, నువ్వు అమ్మని గ్యాస్‌లైట్ చేస్తున్నావు" అంది.

నాకు వినపడింది గ్యాస్ లైటరు. మా వంటింట్లో లైటరు నెల రోజులుగా పదిసార్లు నొక్కితే గానీ పనిచేయడం లేదు. ఆ సంగతి ఇప్పుడెందుకు ఎత్తిందో అర్థం కాకపోయినా, మాట మారినందుకు సంతోషించి, చొక్కా వేసుకుని వెళ్ళి వీధి చివర స్టీలు సామాన్ల కొట్లో కొత్తది కొనుక్కొచ్చాను. వాళ్ళ ముందే టిక్కుటిక్కుమని నాలుగుసార్లు నొక్కి మరీ చూపించాను. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు అమ్మాయి నన్ను కూచోబెట్టి పాఠం చెప్పింది. 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ అనే ఇంగ్లండు ఆయన 'గ్యాస్ లైట్' అని ఒక నాటకం రాశాడట. అందులో మొగుడు ఇంట్లో వస్తువులు తనే మాయం చేసి, నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయావు, నీకు మతి చెడుతోంది అని పెళ్ళాన్ని నమ్మిస్తుంటాడు. రాత్రిళ్ళు దొంగచాటుగా మేడ మీదికెళ్ళి ఎప్పటివో నగల కోసం వెతుకుతాడు. పైన గ్యాసు దీపం వెలిగించినప్పుడల్లా కింద పెళ్ళాం గదిలో దీపం సన్నగిల్లుతుంది. గుట్టు అక్కడే బయటపడుతుంది. 1944లో హాలీవుడ్‌లో సినిమాగా కూడా వచ్చింది. 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు ఈ మాటనే ఆ ఏటి మాటగా ఎంచారు కూడా.

వస్తువులు మాయం చేయడం అనగానే మా ఆవిడ నా వైపు తిరిగింది. తిరిగి, నా మీసం దగ్గర ఆగింది. అక్కడ గుట్టు దీపం చెప్పింది, ఇక్కడ మీసానికి అంటిన పంచదార పొడి చెప్పింది.

ఇంగ్లీషువాడితో వచ్చిన చిక్కే ఇది. మోసం అర్థం కావాలంటే ముందు నాటకం కథ తెలియాలి. మనకి ఇంత తతంగం లేదు. టోపీ పెట్టాడు, శఠగోపం పెట్టాడు, పంగనామం పెట్టాడు, చెవిలో పువ్వు పెట్టాడు. తెలుగువాడు మోసపోతే నెత్తి మీదో, నుదుటి మీదో, చెవిలోనో ఏదో ఒకటి అమరుతుంది. అన్నీ ఒకేసారి జరిగితే పెళ్ళికొడుకులా కూడా ఉంటాడు. ఇంగ్లీషులో మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. ఆ సంగతి నాకు బుధవారం తెలిసింది.

ఆ రోజు ఆఫీసులో క్లయింట్‌తో మీటింగు. రెండు వారాలు ఫైలు తన దగ్గరే అట్టేపెట్టుకున్న మా మేనేజరు, ఆలస్యం ఎందుకైందని అడగ్గానే తడుముకోకుండా నా పేరు చెప్పాడు. పక్క సీటు కుర్రాడు "సార్, మిమ్మల్ని బస్సు కింద తోసేశాడు" అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. మాట బాగుంది కదా అని ఇంటికొచ్చి చెప్పాను. అమ్మాయి నా మీద జాలితో దాన్ని అలాగే, ఇంగ్లీషులోనే, ఒక ఏడుపు బొమ్మ తగిలించి కుటుంబం గ్రూపులో పెట్టేసింది.

రాజమండ్రిలో మా బావమరిది దాన్ని వాళ్ళమ్మకి చదివి వినిపించాడు. ముక్కకి ముక్క, తెలుగులో.

ఎనిమిదింటికి ఫోన్లు మొదలయ్యాయి. "బావగారూ, సిటీ బస్సా, డీలక్సా? నంబరు చూశారా?" "కాళ్ళు కదులుతున్నాయా బాబూ?" మా పెదనాన్నయితే, కేసు పెట్టేదాకా ఏ కాగితం మీదా సంతకం చేయొద్దన్నాడు. అయ్యా, అది మాటవరసకి అన్నది, అసలు బస్సే లేదు అని మొత్తుకున్నాను. "బస్సే లేదంటున్నాడు. తలకి గట్టిగానే తగిలినట్టుంది" అని ఆయన పక్కవాళ్ళతో అనడం స్పష్టంగా వినపడింది. అందరూ అంత నమ్మకంగా అడుగుతుంటే నాకే అనుమానం వచ్చి ఓసారి మోకాళ్ళు తడుముకున్నాను.

తెల్లారేసరికి అత్తగారు, బావమరిది గుమ్మంలో ఉన్నారు. బస్సంటే భయం పట్టుకుందని రైల్లో వచ్చారట. కట్లు లేకుండా నేనే తలుపు తీయడం చూసి ఆవిడ ముందు దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత, శుభ్రంగా ఉన్నందుకు నా మీద కొంచెం కోపం కూడా వచ్చినట్టు అనిపించింది.

"బలిపశువుని చేశాడంటే సరిపోయేది కదా" అన్నాడు బావమరిది. దానికీ ఇంగ్లీషులో 'స్కేప్‌గోట్' అని ఒక మేక ఉందంది అమ్మాయి. విలియం టిండేల్ అనే ఆయన 1530లో బైబిల్ తర్జుమాలో ఆ మాట వాడాడట. లేవీయకాండంలో రెండు మేకలుంటాయి. ఒకదాన్ని బలిస్తారు. రెండోదాని నెత్తిన జనం పాపాలన్నీ మోపి అడవిలోకి తోలేస్తారు. తప్పించుకునే ఆ మేకకే పెట్టాడు పేరు. మన బలిపశువుకి ఆ వెసులుబాటు లేదు. వచ్చే నెల అప్రైజల్‌లో నేను ఏ మేకనో తేలుతుంది.

అల్లుడికి దెబ్బలు తగిలాయన్న హడావిడిలో కూడా అత్తగారు పూతరేకులు మర్చిపోలేదు. ఈసారి ఇరవై. మా ఆవిడ అందరి ముందూ పైకి లెక్కపెట్టి, డబ్బా మూత మీద బాల్ పెన్నుతో '20' అని రాసింది. రాస్తూ నా వైపు చూసింది.

మర్నాడు పొద్దున మూత తీస్తే పద్దెనిమిది.

ఇల్లంతా నా మీద పడింది. నిజంగా నేను ముట్టుకోలేదు. చెప్పినా ఎవరు నమ్ముతారు? అప్పుడు, పదేళ్ళుగా సుగర్ మాత్రలు మింగుతున్న మా అత్తగారు పంచదార రాలిన కొంగు నెమ్మదిగా దులుపుకుంటూ, "నువ్వే సరిగ్గా లెక్కపెట్టి ఉండవే అమ్మాయ్. చిన్నప్పట్నుంచీ నీకు లెక్కలు రావు" అంది.

అమ్మాయి నోరు తెరవబోయింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. కొత్త లైటరు తీసుకుని, అత్తగారికి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.