ఏం కాలేదుగా మేడమ్... అట!

ఇప్పుడే మావాడి జిమ్నాస్టిక్స్ ప్రాక్టీసు నుంచి వచ్చాం. వాడు పెరుగన్నం తిని హాయిగా పడుకున్నాడు. నాకే ఇంకా గుండెదడ తగ్గలేదు.

జరిగింది చిన్నదే. హై బార్ మీద, అంటే ఎత్తుగా అడ్డంగా ఉండే కడ్డీ పట్టుకుని, ఊగుతుంటే మావాడి కుడిచేతి గ్రిప్ బార్‌కి పట్టేసింది. అప్పుడే మొదలెట్టిన చిన్న ఊపు కాబట్టి బతికిపోయాం. పరుగెత్తి చూస్తే మణికట్టు ఎర్రగా కమిలిపోయి ఉంది. కోచ్ గారు ఫోన్‌లోంచి తలెత్తి, "ఏం కాలేదుగా మేడమ్!" అన్నారు.

ఏమన్నా అయ్యాకే అడగాలా? మా వీధిలో మ్యాన్‌హోల్ మూత గురించి అడిగినా ఇదే మాట.

తెలియనివాళ్ళకి చెప్తాను. గ్రిప్ అంటే అరచేతికి వేసుకునే తోలు పట్టీ. వేళ్ళ దగ్గర అడ్డంగా చిన్న పుల్ల ఉంటుంది, డోవెల్ అంటారు. వాడగా వాడగా తోలు సాగుతుంది. సాగిన తోలు బార్ చుట్టూ తిరిగి, దాని మీదే అది మడతపడి బిగుసుకుంటుంది. అదే గ్రిప్ లాక్. చెయ్యి అక్కడే ఆగిపోతుంది, ఒళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బార్ చుట్టూ ఒళ్ళంతా చాచి గిర్రున తిరిగే జెయింట్ స్వింగ్‌లో అలా అయితే ముంజేతి ఎముకలు రెండూ విరగొచ్చు.

మావాడికి ఇచ్చినవి ఎవరో సీనియర్ వదిలేసినవి. అవీ రింగ్స్‌వి, అంటే పైనుంచి వేలాడే రెండు వలయాలు పట్టుకుని చేసే ఆటవి! రింగ్స్ గ్రిప్‌కి వేళ్ళు పెట్టుకునే రంధ్రాలు రెండు, హై బార్‌దానికి మూడు. ఎల్‌కేజీ పిల్లాడు కూడా లెక్కపెడతాడు. అడిగితే "అన్నీ తోలేగా మేడమ్." చెప్పులూ తోలేగా సార్, అవి తొడిగి ఊగించండి.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి చేతులు ఆనించి దూకే వాల్టింగ్ హార్స్ 5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో పెట్టారు. కొందరు పడ్డారు కూడా. ఒక ఆస్ట్రేలియా అమ్మాయి తేడాగా ఉందంటే అప్పుడు కొలిచారు. అక్కడ కనీసం కొలిచారు. ఇక్కడ ఫీజు కట్టే తల్లికి "మీరు బయట కూర్చోండి మేడమ్".

అసలు ఈ ఊళ్ళో జిమ్నాస్టిక్స్ అంటే ఎవరికి పట్టింది? మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో ఇండియాకి అదే మొదటి వ్యక్తిగత పతకం. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. పై ఫ్లోర్ అంకుల్ అయితే మావాణ్ణి లిఫ్టులో ఆపి, "జిమ్‌కి వెళ్తున్నావటగా, సిక్స్ ప్యాక్ వచ్చిందా?" అంటారు. వాడికి పదమూడేళ్ళండీ!

ఇంట్లోవాళ్ళు ఏమన్నా తక్కువా? పోయినేడాది కొత్త గ్రిప్స్ కొంటానంటే మా బావగారు "తోలు ముక్కలకి అంత డబ్బా?" అన్నారు. నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్నందుకే ఇవాళ ఈ పాతవి. అదే ఆయన కొడుక్కి ఇంగ్లిష్ విల్లో బ్యాట్ కొన్నప్పుడు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మా అందరికీ స్వీట్లు పంచారు. అది కర్ర ముక్క కాదా బావగారూ? మీరు ఈ పోస్టు చూస్తారు, లైక్ మాత్రం కొట్టరు, నాకు తెలుసు. ఆ బ్యాట్‌ని పోయిన ఎండాకాలం మీ డాబా మీద చూశాను. వడియాల గుడ్డ ఎగిరిపోకుండా ఒక అంచున ఇటుక, ఇంకో అంచున అది.