టీఏ బిల్లు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ టీఏ బిల్లు గారికి,

కంపెనీ పని మీద తిరిగిన ఖర్చు రాబట్టుకోడానికి పదకొండేళ్ళుగా తమరిని నింపుకుంటూ బతుకుతున్న ఒక పంపుసెట్ల కంపెనీ సేల్స్ ఇంజనీరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమ సమాచారం అకౌంట్స్ సెక్షన్ వాళ్ళ మొహాల్లో ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది.

మన పరిచయం గొడవతోనే మొదలైంది, గుర్తుందో లేదో. నాది విజయనగరం, నెలకోసారి రివ్యూ మీటింగ్ విజయవాడలో. మొదటి నెల తొందరలో ‘విజ. నుంచి విజ. వరకు’ అని రాశాను. బయలుదేరిన ఊరూ చేరిన ఊరూ ఒకటే కనుక డీఏ, అంటే రోజువారీ భత్యం, రాదని తిప్పి పంపారు. రాత్రంతా సైడ్ బెర్తు మీద ముడుచుకుని నాలుగు వందల కిలోమీటర్ల పైన వెళ్ళొచ్చిన మనిషి అసలు కదలనేలేదని తేల్చేశారు. వేదాంతంలో అది చాలా పై మెట్టని మా మావయ్య ఓదార్చాడు.

సరే, పాత సంగతి. ఇప్పుడు నా ఫిర్యాదు తమరి చివరి గడి గురించి. ఎప్పుడు బయలుదేరావు, ఎప్పుడు చేరావు, దేంట్లో వెళ్ళావు, ఎంత దూరం, వీటన్నిటికీ చోటిచ్చి, ఆఖర్న ‘ఉద్దేశ్యం’ అని అగ్గిపెట్టెంత గడి పెట్టారు. అందులో ‘మీటింగ్’ అన్న మాట ఒక్కటే పడుతుంది. కానీ మీటింగ్ సాయంత్రం నాలుగింటికి అయిపోయి, నా బండి రాత్రి పదింటికైతే, మధ్యలో ఆరు గంటలు నేనేం చెయ్యాలని తమరి ఉద్దేశ్యం?

నాకు తెలుసు. గాంధీనగర్‌లో తమరు దయతలచిన తొమ్మిది వందల లాడ్జి గదిలో పడుకోవాలి. కిటికీ తెరిస్తే పక్క లాడ్జి కిటికీ, అందులో నాలాగే బనియన్‌తో ఇంకో టీఏ బిల్లు మనిషి. ఇద్దరం ఒకే సీరియల్ రెండు టీవీల్లో చూస్తాం. అది డ్యూటీ, దానికి డబ్బులొస్తాయి. అదే టైములో నా కాళ్ళతో నేను ఒక కొండెక్కితే షికారు. పడుకుంటే జీతం, నడిస్తే నేరం!

మొదటి నేరం ఉండవల్లిలో చేశాను. ఆ రోజు పెద్దాయనకి ఫ్లైట్ ఉందని మీటింగ్ మూడింటికే ముగిసింది. బ్యాగు రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేసి ప్రకాశం బ్యారేజీ మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్ళాను. బ్యారేజీ దగ్గర కాసేపు ఆగాను. మా వృత్తికి అంతకు మించిన శత్రువు ఇంకోటి లేదు. 1957లో కట్టారు, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంతకు వందేళ్ళ ముందు కట్టిన పాత ఆనకట్ట చేసిన పనినే ఇదీ చేస్తోంది. సుమారు 13 లక్షల ఎకరాలకి కాలవల్లో నీళ్ళు వాటంతటవే వెళ్ళిపోతాయి. మోటారు లేదు, స్టార్టర్ లేదు, నాలాంటివాడి అవసరం లేదు. ఆ డెల్టాలో పంపుసెట్లు అమ్మలేకపోతున్నానని గంట క్రితమే మీటింగ్‌లో చివాట్లు తిన్నాను. కారణం కళ్ళెదురుగా 70 గేట్లతో నిలబడి ఉంది. ఇది మార్కెట్ సర్వే కిందకి రాదా?

ఉండవల్లిలో ఒకే కొండని నాలుగంతస్తులుగా తొలిచారు. సిమెంటు లేదు, ఇనుము లేదు. మూడు కొటేషన్లు తెప్పించుకున్నారో లేదో కూడా తెలీదు. పై అంతస్తుల్లో ఒకదాంట్లో అయిదు మీటర్లు దాటిన అనంతపద్మనాభస్వామి శేషుడి మీద నడుం వాల్చి ఉన్నాడు. విష్ణుకుండిన రాజుల కాలం నాటివంటారు కాబట్టి పదిహేను వందల ఏళ్ళుగా ఆయన పక్క దిగలేదు. చీకట్లో ఆయన పాదాల దగ్గర నిలబడితే తమరే గుర్తొచ్చారు. తమరి లెక్కలో ఆయన కంటే ఆదర్శ ఉద్యోగి ఎవరుంటారు? హాల్టింగ్ తప్ప కన్వేయన్స్ లేదు, అంటే బసే గానీ బండి ఖర్చు లేదు.

బయటికొచ్చి అరుగు మీద కూర్చుంటే ఎదురుగా పొలాలు, అరటి తోటలు. రానూపోనూ ఛార్జీలు, టికెట్టు, ఒక గ్లాసు చెరుకు రసం, అన్నీ కలిపి నా జేబులోంచి నూటపది రూపాయలు. ఆ రాత్రి భోజనం మాని నాలుగు పునుగులతో సరిపెట్టుకున్నాను, డీఏలో సర్దుబాటు అయిపోయింది.

ఈ సంగతి మా సీనియర్ ఒకాయనకి చెప్తే, తలుపు దగ్గరగా వేసి మరీ ఉపదేశించాడు. “తమ్ముడూ, టికెట్టు కంపెనీది. అది శనివారం ఎక్కినా ఆదివారం ఎక్కినా ఒకటే రేటు. కంపెనీ పని గంట ముట్టుకోకు, కంపెనీ గది ఒక్క రాత్రి ఎక్కువ వాడకు. మిగతాది నీ నిద్రలోంచి కోసుకో.” ఇప్పటికీ నా టూర్లన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

అలా సోమవారం మీటింగ్‌కి శనివారం రాత్రే రైలెక్కి ఆదివారం పొద్దున్నే కొండపల్లి పోయాను. విజయవాడకి సుమారు 20 కిలోమీటర్లు, సిటీ బస్సు వెళ్తుంది. కోటకి ఘాట్ రోడ్డు ఉంది, కానీ ఆటో ఒక్కడికే అంటే వాడు చెప్పిన రేటుకి నా రెండు రోజుల డీఏ పోతుంది. కాలిబాట పట్టాను. మే నెల. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రోళ్ళ సంగతేమో గానీ నా బూటు అడుగు సగం కొండలో నోరు తెరిచింది. ట్రెక్కింగ్ బూట్లు అని వేరే ఉంటాయట. నాకున్నవి మీటింగ్ బూట్లు మాత్రమే. నీళ్ళని ఎంత ఎత్తుకైనా తోసే యంత్రాలు అమ్ముకునే నేను రెండు లీటర్ల నీళ్ళు చేత్తో పట్టుకుని రొప్పుతూ ఎక్కాను. మా భాషలో దాన్ని హెడ్ (ఎక్కాల్సిన ఎత్తు) ఎక్కువ, డిశ్చార్జ్ (పైకి చేరే నీళ్ళు) తక్కువ అంటారు.

పైన మూడంతస్తుల రాతి బురుజు, కూలిన గోడలు, ముళ్ళ కంపలు, ఎవరూ లేరు. ప్రోలయ వేమారెడ్డి కట్టించాడంటారు. తర్వాత గజపతుల దగ్గర్నుంచి కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. ఆ నీడలో కూర్చుని పులిహోర పొట్లం విప్పుతుంటే తట్టింది, రాయలవారు కూడా ఇటు వచ్చింది పని మీదే కదా! కళింగ దండయాత్ర అంటే ఆయన టూర్ ప్రోగ్రామ్. ఆ టూర్లో విజయవాడలో కొన్ని రోజులు మకాం చేసి, పని పక్కన పెట్టి, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువుని చూడ్డానికి పోయాడు. మా పక్క శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల వైపుది. అక్కడ ఏకాదశి ఉపవాసం చేశాడు, అంటే ఆ పూట తిండి ఖర్చు కూడా లేదు. తెల్లవారుజామున స్వామి కలలో కనబడి కావ్యం రాయమన్నాడు. ఇదంతా ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే రాసుకున్నాడు. ఒక్క పూట పక్కదారి పడితే తెలుగుకి ఒక ప్రబంధం వచ్చింది. అదే తమరు ఆ కాలంలో ఉంటే? ‘శ్రీకాకుళం వెళ్ళుటకు ముందస్తు అనుమతి జతపరచలేదు’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపేవారు. కావ్యమూ పోయేది.

కిందికి దిగి బొమ్మల కాలనీలో మా అమ్మాయికి తాటిచెట్టు ఎక్కే మనిషి బొమ్మ కొన్నాను. అక్కడి కొండల్లో దొరికే పొణికి కర్రతో చేస్తారు, చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. చింతగింజల పొడికి రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించి రంగు వేస్తారు. ఆ బొమ్మ మనిషికి కూడా నాలాగే చెమట పట్టినట్టు మెరుస్తోంది, రంగు ఇంకా ఆరలేదు. రాత్రికి డార్మిటరీలో పడక, అదీ నా డబ్బులే.

ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసినా పట్టుబడ్డాను. అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు.

“మీటింగ్ సోమవారమైతే ఆదివారం పొద్దున్నే ఎందుకు చేరారు?”

“నా సొంత పని మేడమ్. ఆదివారం గదికీ డీఏకీ నేను క్లెయిమ్ చెయ్యలేదు కదండీ.”

“అదే. చెయ్యకపోవడమే అనుమానంగా ఉంది.”

తమరి రాజ్యంలో నిజం రాసినవాడికి పట్టే గతి ఇది. లేని ఆటో ఎక్కానని అప్పటిదాకా ఎంతమంది రాసుంటారో, ఒక్కరికీ ఫోన్ వెళ్ళలేదు. బూటు కుట్టించిన నలభై రూపాయలు కూడా వదులుకున్నవాడికి మాత్రం టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. మా ఆవిడ ఒకటే మాట అడిగింది: “మీరు మీటింగ్‌కి వెళ్తున్నారా, గిరిప్రదక్షిణకా?”

అయినా బుద్ధి రాలేదు, మంగళగిరి మిగిలిపోయిందని మనసు పీకుతూనే ఉంది. అక్కడో చిక్కుంది. కొండ మీద పానకాలస్వామి గుడి మధ్యాహ్నం మూడింటికల్లా మూసేస్తారు. ఆ తర్వాత దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. వాళ్ళకీ ఆఫీసు టైము అయ్యాకే కుదురుతుంది కాబోలు. కనుక నాకు పొద్దున్నే దిక్కు. ఆరింటికి బస్సెక్కాను. కింద లక్ష్మీనరసింహస్వామి గుడి ముందు గాలిగోపురం. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807–09 మధ్య కట్టించింది, 11 అంతస్తులు, 153 అడుగులు. మెడ వెనక్కి వంచి చూస్తూ అలవాటుగా లెక్క కట్టేశాను. 47 మీటర్ల హెడ్, మా అయిదు హెచ్‌పీ హాయిగా ఎక్కిస్తుంది. తర్వాత కొండ మెట్లు. వాటికి ఏ హెచ్‌పీ కావాలో నా మోకాళ్ళని అడగాలి.

పైన విగ్రహం ఉండదు, తెరిచిన నోరు ఒక్కటే. పూజారి శంఖంతో పానకం పోస్తుంటే గుటక వేసిన చప్పుడు వినిపిస్తుందంటారు. బిందెడు పోసినా చెంబుడు పోసినా స్వామి సగమే పుచ్చుకుని సగం మనకి వదులుతాడు. అంత బెల్లం నీళ్ళున్న చోట ఈగ వాలదు, చీమ పట్టదు అని కూడా చెప్తారు. నా వంతు సగం తాగి మెట్ల మీద కూర్చుంటే కింద ఊరంతా, ఆ మధ్యలో గోపురం. టైము చూస్తే ఎనిమిదిన్నర. పరిగెత్తాను.

పదింటికి మీటింగ్ హాల్లో అడుగుపెట్టేసరికి చొక్కా మొత్తం తడిసి ఉంది, పెదాల మీద యాలకుల వాసన. మేనేజర్ గారు చూసి, “ఏంటయ్యా, ఒంట్లో బాలేదా? ఇంత జ్వరంలోనూ వచ్చావా!” అని అందరి ముందూ మెచ్చుకున్నారు. పదకొండేళ్ళలో మీటింగ్‌లో నాకు చప్పట్లు పడింది ఆ ఒక్కసారే.

ఇక ఆ నెల తమరి ఉద్దేశ్యం గడిలో ఏం రాయాలా అని ఆలోచించాను. అబద్ధం రాయకూడదు, నిజం రాస్తే ఫోన్ వస్తుంది. చివరికి ‘మీటింగ్, క్షేత్ర పరిశీలన’ అని రాసి, పక్కన మంగళగిరి బస్సు టికెట్లు కూడా జత చేశాను. మంగళగిరి క్షేత్రం కాదని ఎవడనగలడు? పరిశీలించలేదని నా మోకాళ్ళు సాక్ష్యం చెప్తాయా? మేడమ్ ఫోన్ చెయ్యలేదు. పైగా సర్క్యులర్ వచ్చింది, సిబ్బంది అందరూ ఇలాగే క్షేత్ర పరిశీలన పెంచాలని.

కన్వేయన్స్ మాత్రం సగమే పాసయింది. స్వామి తాగితే గుటక వినిపిస్తుందంటారు, అకౌంట్స్‌లో అదీ వినిపించదు.

వచ్చే నెల డీలర్ల మీటింగ్ గుంటూరులో పెట్టారు. కొండవీడు అక్కడికి దగ్గరే. రెడ్డి రాజుల కోట, పొద్దున్నే ఎక్కి పదకొండుకల్లా దిగిపోవచ్చని విన్నాను. ఈలోగా తమరు దయచేసి ఆ చివరి గడిని ఇంకో రెండంగుళాలు వెడల్పు చేయించగలరు.

జతపరచినవి: ఉండవల్లి టికెట్టు ఒకటి, బస్సు టికెట్లు నాలుగు (అక్షరాలు వెలిసిపోయినవి), బూటు అడుగు ఒకటి.

ఇట్లు,
తమరి విధేయుడు,
విజ. నుంచి విజ. వరకు