చెంగ్డూకి పిలవని విదేశాంగ మంత్రి

1990 సెప్టెంబరు 3, 4 తేదీల్లో చైనాలోని చెంగ్డూలో ఒక రహస్య భేటీ జరిగింది. వియత్నాం తరఫున పార్టీ ప్రధాన కార్యదర్శి గుయెన్ వాన్ లిన్, ప్రధాని దో ముయ్, మాజీ ప్రధాని ఫామ్ వాన్ డాంగ్ వెళ్లారు. చైనా తరఫున పార్టీ ప్రధాన కార్యదర్శి జియాంగ్ జెమిన్, ప్రధాని లీ పెంగ్ కూర్చున్నారు. దశాబ్దానికి పైగా బద్ధశత్రువులుగా ఉన్న రెండు కమ్యూనిస్టు దేశాలు రాజీ మాటలు మొదలుపెట్టిన సందర్భం అది. వియత్నాం బృందంలో పార్టీ విదేశీ సంబంధాల విభాగం అధిపతి ఉన్నారు, విదేశాంగ శాఖ ఉపమంత్రి కూడా ఉన్నారు. విదేశాంగ మంత్రి మాత్రం లేరు. ఆయన పేరు గుయెన్ కో థాచ్. అప్పటికి పదేళ్లుగా ఆ పదవిలో ఉన్నారు, ఉప ప్రధాని కూడా, పైగా పొలిట్‌బ్యూరో సభ్యుడు.

మంత్రిని పక్కనపెట్టి ఆయన శాఖ పని పార్టీ పెద్దలే చక్కబెట్టుకోవడం కమ్యూనిస్టు రాజ్యాల్లో కొత్తేమీ కాదు. సోవియట్ యూనియన్‌లో గ్రోమికో 28 ఏళ్లు విదేశాంగ మంత్రిగా ఉన్నారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఆయన పొలిట్‌బ్యూరోలో అడుగుపెట్టింది 1973లో, అంటే మంత్రి అయిన 16 ఏళ్లకు. అన్నేళ్లూ వేరేవాళ్లు తీసుకున్న నిర్ణయాలను ప్రపంచానికి వినిపించడమే ఆయన ఉద్యోగం. చైనాలో చిన్ గాంగ్ 2022 డిసెంబరు 30న మంత్రి అయ్యారు, 2023 జూలై 25న పదవి పోయింది. ఎందుకో ఇప్పటికీ అధికారికంగా చెప్పలేదు. థాచ్ కథ ఈ రెండింటికీ భిన్నం. ఆయన గ్రోమికోలా చెప్పింది వినిపించి ఊరుకునే రకం కాదు, చిన్ గాంగ్‌లా ఉన్నట్టుండి మాయమూ కాలేదు. ఆయనకంటూ ఒక విధానం ఉండేది. దానికోసం పార్టీ లోపల కొట్లాడారు, ఓడిపోయారు. ఆయన దిగిపోయిన కొన్నేళ్లకే దేశం ఆ దారే పట్టింది.

థాచ్ అసలు పేరు ఫామ్ వాన్ కూంగ్. 1921లో ఉత్తర వియత్నాంలోని నామ్ దిన్ ప్రాంతంలో పుట్టారు. ఆ తరం విప్లవకారులందరిలాగే మారుపేరు పెట్టుకున్నారు, అదే జీవితాంతం నిలిచింది. 1956 నుంచి 1960 దాకా ఢిల్లీలో కాన్సుల్ జనరల్. జెనీవా ఒప్పందం తర్వాత వియత్నాంలో కాల్పుల విరమణను పర్యవేక్షించిన అంతర్జాతీయ కమిషన్‌కు మన దేశమే అధ్యక్షత వహించేది కాబట్టి హనోయ్‌కి ఢిల్లీ చిన్న పోస్టింగ్ కాదు. తర్వాత వియత్నాం యుద్ధాన్ని ముగించేందుకు జరిగిన పారిస్ చర్చల్లో అమెరికా ప్రతినిధి కిసింజర్‌కు ఎదురుగా కూర్చున్న లె డక్ థో బృందంలో పనిచేశారు. అమెరికన్లతో గంటలకొద్దీ వాదించడం, ఇంగ్లిష్‌లో జోకులు వేయడం, అవసరమైతే మాట విసరడం ఆయనకు అలవాటు. తన దేశంపై బాంబులు వేసిన అమెరికాను ఆ దేశంలో ఆయనంత బాగా చదివినవాళ్లు కొద్దిమందే.

ఆ చదువు ఏం నేర్పిందో 1978లో తెలిసింది. అమెరికాతో సంబంధాలు కలుపుకోవాలంటే ముందు నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని వియత్నాం అప్పటిదాకా పట్టుబట్టింది. 1973లో నిక్సన్ రాసిన లేఖలో 325 కోట్ల డాలర్ల సాయం ప్రస్తావన ఉంది, దాన్నే చూపించేది. 1977లో పారిస్‌లో జరిగిన మాటలు ఈ పట్టుదల దగ్గరే చెడ్డాయి. 1978 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికా ప్రతినిధి హోల్‌బ్రూక్‌ను కలిసిన థాచ్ (అప్పటికింకా ఉపమంత్రి) ఆ షరతును వదులుకున్నారు. ఏ ముందస్తు డిమాండూ లేదు, సంతకం పెడదాం అన్నారు. అమెరికా నుంచి జవాబు రాలేదు. కార్టర్ ప్రభుత్వం అప్పటికే చైనా వైపు మొగ్గింది, బీజింగ్‌తో ఒప్పందం చెడిపోతుందని హనోయ్‌ని పక్కనపెట్టేశారు. నవంబరు 3న వియత్నాం మాస్కోతో మైత్రి ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో దాని సైన్యం కంబోడియాలోకి దిగింది, 1979 జనవరి 7న రాజధాని నాంపెన్ పట్టుబడింది. ఫిబ్రవరి 17న చైనా వియత్నాం ఉత్తర సరిహద్దు మీద విరుచుకుపడింది. సరిగ్గా అప్పుడే చైనా పర్యటనలో ఉన్న మన విదేశాంగ మంత్రి వాజ్‌పేయి కార్యక్రమం కుదించుకుని తిరిగొచ్చేశారు.

నా ఉద్దేశంలో ఆ ఏడాది జారిపోయిన అవకాశంలో తప్పు ఒక్క వైపుదే కాదు. అమెరికా పట్టించుకోలేదన్నది నిజమే, కానీ 1977లోనే హనోయ్ ఆ డబ్బు మాట మానేసి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. థాచ్ సరైన కార్డు తీశారు, అప్పటికే ఆట అయిపోయింది.

1980లో విదేశాంగ మంత్రి అయ్యేసరికి ఆయన నెత్తిన పడింది కంబోడియా బరువు. అంతకుముందు అక్కడ ఏలిన పోల్ పాట్ ప్రభుత్వం చేసిన నరమేధాన్ని ఆపింది వియత్నాం సైన్యమే. అయినా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ మాత్రం పోల్ పాట్ పక్షం చేతిలోనే ఉంది. పశ్చిమ దేశాలు, చైనా, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ కలిసి దాన్ని కాపాడాయి. నాంపెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కమ్యూనిస్టేతర దేశాలు బహు తక్కువ. 1980 జూలైలో ఇందిరా గాంధీ ప్రభుత్వం గుర్తించింది. దాదాపు దశాబ్దం పాటు థాచ్ న్యూయార్క్ వెళ్లి ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపేవారు. వాదనలో బలం ఉంది, ఓట్లు లేవు.

తెలుగునాట వామపక్ష కుటుంబాల్లో పిల్లలకు హోచిమిన్ అని పేరు పెట్టుకున్న రోజులున్నాయి. వియత్నాం సేనాని జనరల్ గియాప్ పేరు చెబితే ఊగిపోయినవాళ్లు ఉన్నారు. 1979లో రెండు ఎర్రజెండాలు ఒకదానిపై ఒకటి తుపాకులు ఎక్కుపెట్టినప్పుడు వాళ్లకు ఏం మాట్లాడాలో తోచలేదు. థాచ్ పేరు ఇక్కడ అప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినరు. యుద్ధాలు గెలిచినవాళ్లకు దక్కిన పేరు, ఆ యుద్ధాల నుంచి దేశాన్ని బయటపడేయాలని చూసినవాళ్లకు దక్కదు.

1986 డిసెంబరులో పార్టీ ఆరో మహాసభ ‘దోయ్ మోయ్’ అనే ఆర్థిక సంస్కరణలు ప్రకటించింది. థాచ్ పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యుడయ్యారు, మరుసటి ఏడాది ఉప ప్రధాని. ఆకలి, ద్రవ్యోల్బణం, సైనిక ఖర్చు దేశాన్ని పిండేస్తున్న సమయం. విదేశాంగ విధానం ఆర్థిక వ్యవస్థకు పనికిరావాలి అన్నది ఆయన మాట. 1987 ఆగస్టులో రీగన్ పంపిన జనరల్ వెస్సీతో యుద్ధంలో గల్లంతైన అమెరికన్ సైనికుల విషయం మాట్లాడారు. అమెరికా ప్రజల్లో ఆ గల్లంతైనవాళ్ల ప్రశ్న ఎంత సున్నితమైనదో ఆయనకు తెలుసు, అందుకే దాన్ని బేరానికి పెట్టకుండా తలుపు తీయడానికి వాడుకున్నారు. 1988 మే నెలలో పొలిట్‌బ్యూరో 13వ తీర్మానం ఆమోదించింది. మిత్రులను పెంచుకోవాలి, శత్రువులను తగ్గించుకోవాలి అన్నది దాని సారం. ప్రపంచాన్ని రెండు శిబిరాలుగా చూసే పద్ధతికి అది వీడ్కోలు, దాని వెనకున్న బుర్రల్లో థాచ్‌ది ముఖ్యమైనది. రాజ్యాంగ పీఠికలో చైనాను శత్రువుగా పేర్కొన్న మాటలూ ఆ ఏడాదే తీసేశారు. 1989 సెప్టెంబరుకల్లా కంబోడియా నుంచి సైన్యం వెనక్కి వచ్చింది.

ఆ వెంటనే బెర్లిన్ గోడ కూలింది. హనోయ్ పెద్దలకు తూర్పు యూరప్‌లో ఒక్కొక్క పార్టీ పడిపోవడం టీవీలో చూసే వార్త కాదు, తమ మెడకు చుట్టుకోబోయే ఉరితాడు. మాస్కో చేతులెత్తేస్తోంది. ఇక సోషలిజాన్ని నిలబెట్టే పెద్దదిక్కు చైనాయే అన్న ఆలోచన లిన్‌కు, రక్షణ మంత్రి లె డక్ ఆన్‌కు గట్టిపడింది. సంస్కరణలు మొదలుపెట్టిన లిన్ కూడా ఇలా మారడం విచిత్రంగానే అనిపిస్తుంది, కానీ ఆర్థికంగా తలుపులు తెరిచినవాళ్లకే రాజకీయంగా ఎక్కువ భయం పట్టుకోవడం మరెక్కడా జరగలేదా? 1990 జూన్‌లో లిన్ స్వయంగా చైనా రాయబారితో మాట్లాడారు. థాచ్ లెక్క వేరు. చైనాతో మంచిగా ఉండాలి, కానీ సోషలిజం పేరు చెప్పి దాని నీడలోకి వెళ్లకూడదు. సమతూకానికి అమెరికా, ఆసియాన్, జపాన్ కావాలి.

ఆ రెండు నెలల తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. జూలై 18న అమెరికా విదేశాంగ మంత్రి బేకర్ పోల్ పాట్ పక్షం ఉన్న కూటమికి ఐక్యరాజ్యసమితిలో మద్దతు ఉపసంహరించి, కంబోడియాపై హనోయ్‌తో మాట్లాడతామన్నారు. థాచ్ పదేళ్లు ఎదురుచూసిన మాట అది. సెప్టెంబరు మొదట్లో పార్టీ పెద్దలు చెంగ్డూ వెళ్లారు. సెప్టెంబరు 29న థాచ్ న్యూయార్క్‌లో బేకర్‌ను కలిశారు. అంటే ఒకే దేశం ఒకే నెలలో రెండు దిక్కులకు రెండు రకాల మనుషులను పంపింది. వీళ్లలో అసలు అధికారం ఎవరిదో ఎవరైనా చెప్పగలరు.

చెంగ్డూలో వియత్నాంకు దక్కింది తక్కువే. కంబోడియాలో రెండు కమ్యూనిస్టు వర్గాలను (నాంపెన్ ప్రభుత్వం, పోల్ పాట్ పక్షం) కలిపే ‘ఎర్ర పరిష్కారం’ హనోయ్ నాయకుల కోరిక. చైనా ఒప్పుకోలేదు. సోషలిజం రక్షణకు ఇద్దరం కలుద్దాం అంటే, కామ్రేడ్లుగా ఉందాం కానీ కూటమి మాట వద్దు అన్న ధోరణిలోనే జవాబు వచ్చింది. కంబోడియా సుప్రీం జాతీయ మండలిలో నాంపెన్‌కు 6 స్థానాలు, మూడు ప్రత్యర్థి పక్షాలకు రెండేసి చొప్పున 6, కంబోడియా మాజీ పాలకుడు సిహనూక్‌తో కలిపి 13 అన్న సూత్రానికి వియత్నాం నాయకులు తలూపి వచ్చారు. నాంపెన్‌లోని మిత్రులను అడగకుండానే ఆ లెక్క ఒప్పుకున్నారు, వాళ్లు మండిపడ్డారు. థాచ్ ఆ గదిలో ఉండుంటే ఇంత సులువుగా అయ్యేది కాదు. చైనాకు ఆయనంటే పడకపోవడానికి అదే కారణం.

1991 జూన్‌లో ఏడో మహాసభలో థాచ్ పొలిట్‌బ్యూరో నుంచి పోయారు. ఆగస్టులో మంత్రి పదవి మాస్కోలో రాయబారిగా ఉన్న గుయెన్ మాన్ కామ్‌కు వెళ్లింది. అక్టోబరులో పారిస్‌లో కంబోడియా ఒప్పందం మీద వియత్నాం తరఫున సంతకం చేసింది కామ్. నవంబరులో బీజింగ్‌తో సంబంధాలు అధికారికంగా పునరుద్ధరించారు. రక్షణ, భద్రత, విదేశీ వ్యవహారాలు మూడూ లె డక్ ఆన్ పర్యవేక్షణ కిందికి వచ్చాయి.

చైనా ఒత్తిడికి థాచ్‌ను బలి ఇచ్చారని చాలామంది రాస్తారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. చైనా కోరిందనే మాట లోపల ఆయన్ని వద్దనుకున్నవాళ్లకు కలిసొచ్చింది, అంతే. పార్టీ బతకడమే మొదటి ప్రశ్న అయిన రోజున, దేశం ఎలా బతకాలో మాట్లాడే మంత్రి బరువైపోయాడు. పారిస్ రోజుల పాత పెద్ద లె డక్ థో కూడా 1990 అక్టోబరులో కన్నుమూశారు.

అలాగని థాచ్‌ను అమరవీరుణ్ని చేయనక్కర్లేదు. కంబోడియాలో సైన్యం ఉన్న పదేళ్లూ దాన్ని సమర్థించింది ఆయనే. అక్కడి పరిస్థితి ఇక వెనక్కి తిరగదన్న మాట పట్టుకుని వేలాడి, ఆసియాన్‌తో ముందే కుదిరే రాజీని ఆలస్యం చేసిన విధానంలో ఆయన వాటా ఉంది. సొంత అంచనా మీద ఆయనకు అతి నమ్మకం. పార్టీ లోపల మద్దతు కూడగట్టుకోవడం కన్నా విదేశీ విలేకరులను మెప్పించడం ఆయనకు బాగా వచ్చు.

1994 ఫిబ్రవరిలో అమెరికా ఆంక్షలు ఎత్తేసింది. 1995 జూలైలో మూడు వారాల లోపే వాషింగ్టన్‌తో సంబంధాలు, ఆసియాన్ సభ్యత్వం రెండూ వచ్చాయి. థాచ్ చూస్తూనే ఉన్నారు, పదవిలో లేరు. 1998 ఏప్రిల్‌లో చనిపోయారు.

ఆయన కొడుకు ఫామ్ బిన్ మిన్ 2011లో అదే కుర్చీలో కూర్చున్నారు. తండ్రిది మారుపేరు కాబట్టి ఇంటిపేర్లు కలవవు, విదేశీయులు చాలామందికి బంధుత్వం వెంటనే తట్టదు. మిన్ అమెరికాలో ఫ్లెచర్ స్కూల్‌లో చదివారు. 2014లో చైనా ఆయిల్ రిగ్‌ను వివాదాస్పద జలాల్లో దించినప్పుడు శాఖ ఆయనదే. 2019లో భద్రతా మండలి ఎన్నికలో వియత్నాంకు 193కి 192 ఓట్లు పడినప్పుడూ ఆయనే. ఉప ప్రధాని, పొలిట్‌బ్యూరో సభ్యుడు, అచ్చం తండ్రి ఎక్కిన మెట్లే. కొవిడ్ కాలంలో విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చిన విమానాల అనుమతుల్లో లంచాలు బయటపడ్డాయి, ఆయన శాఖలోని ఉపమంత్రి సహా చాలామంది జైలుకెళ్లారు. మిన్ మీద కేసు పెట్టలేదు. 2022 డిసెంబరు చివర్లో పొలిట్‌బ్యూరో నుంచి, 2023 జనవరి 5న ఉప ప్రధాని పదవి నుంచి తప్పించారు. తండ్రిది విధానం తెచ్చిన పతనం, కొడుకుది శాఖలోని అవినీతి తెచ్చింది. ఇద్దరి విషయంలోనూ తేల్చింది పార్టీ, తలుపులు మూసుకుని. తర్వాత జాతీయ అసెంబ్లీ ముద్ర వేసింది.

2023 సెప్టెంబరులో బైడెన్ హనోయ్ వచ్చింది కూడా పార్టీ ప్రధాన కార్యదర్శి ఆహ్వానం మీదే, దేశాధ్యక్షుడి పిలుపు మీద కాదు. 2025లో ఇంకో అడుగు పడింది. చెంగ్డూకి వెళ్లిన ఆ పార్టీ విదేశీ సంబంధాల విభాగాన్ని రద్దు చేసి, దాని పనిని విదేశాంగ శాఖలో కలిపేశారు. అదే ఏడాది మంత్రిగా వచ్చిన లె హ్వాయ్ ట్రుంగ్ అంతకుముందు ఆ విభాగానికి అధిపతి. మంత్రిత్వ శాఖ పార్టీ పనిని అందుకుందా, పార్టీయే మంత్రిత్వ శాఖలో మకాం పెట్టిందా అన్నది, చైనాతోనో అమెరికాతోనో మళ్లీ ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరిని విమానం ఎక్కిస్తారో చూస్తే కానీ తేలదు.