దేవగన్నేరు గారి సముఖానికి

మహారాజశ్రీ దేవగన్నేరు గారికి,

మా మేడ మీద పెద్ద కుండీలో తమరు కొలువుదీరిన దగ్గర్నుంచి ఇంటికి కళ వచ్చిందని వచ్చినవాళ్లంతా అంటున్నారు. కాదనను. ఎక్కడో మెక్సికో, కరీబియన్ దీవుల వైపు పుట్టి, ఇక్కడికొచ్చి గుళ్ళో చోటు సంపాదించి, పేరుకు ముందు ‘దేవ’ తగిలించుకున్నారు. లావోస్‌లో అయితే ఏకంగా జాతీయ పుష్పమై కూర్చున్నారు. మామూలు చాకచక్యం కాదు.

అసలు తమ బతుకే మాయ. పొద్దుగూకగానే సువాసన గుప్పుమనిపించి రెక్కల పురుగులను పిలుస్తారు. అవి పూవు పూవుకూ తిరిగి తొండం దూర్చి చూస్తే చుక్క తేనె ఉండదు. ఈలోగా పుప్పొడి మోయించి తమ పని కానిచ్చేసుకుంటారు. భోజనానికి పిలిచి విస్తరి వేయకుండా పెళ్ళి సామాను మోయించే మేనమామ నయం.

ఇక ఆ పాలు! ఆకు గిల్లినా కొమ్మ విరిచినా బొటబొటా కారతాయి. పయోముఖ విషకుంభం అంటే ఏమిటో మా పిల్లి దయవల్ల కళ్లారా చూశాం. రాలిన ఆకును కొరికి, మూతి నిండా నురగతో సోఫా కిందికి దూరింది. కక్కుకుంది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. పశువుల డాక్టరుగారు ఏం చెట్టని అడిగి, తమ పేరు వినగానే “నయం, మామూలు గన్నేరు కాదు” అన్నారు.

తమ చుట్టాల చరిత్ర అప్పుడు బయటపడింది. గన్నేరు, పచ్చగన్నేరు ఏకంగా గుండె మీదే దెబ్బకొడతాయి. కుండీల్లో ముద్దుగా నిలబడే ఎడారి గులాబీదీ అదే బాపతు. బిళ్ళగన్నేరు ఒక్కటీ క్యాన్సర్ మందులకు పనికొచ్చి వంశం పరువు కాస్త నిలబెట్టింది. అదీ కొరికి తినే సరుకేం కాదు. హైవే మధ్యలో గన్నేరు నాటితే ఏ మేకా మూతి పెట్టదు. మేకకు తెలిసింది, ప్యాకెట్ తిండి తినే మా దొరసానికి తెలియలేదు.

తమరిని అమ్మిన నర్సరీ ఆయన ఎండ ఎంత కావాలో, నీళ్లు ఎంత తక్కువ పోయాలో, కోసిన కొమ్మను నీడలో ఆరబెట్టి నాటకపోతే ఎలా కుళ్ళుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇంట్లో పిల్లి ఉందంటే మాత్రం, “గుళ్ళో చెట్టు సార్, ఏం కాదు” అనేశాడు. గుళ్ళో ఉన్నదంతా ప్రసాదమా?

తమరిని పీకేసే ఉద్దేశం లేదు. పూలు నిజంగానే బాగున్నాయి. అయితే రేపట్నుంచి తమ మకాం మేడ తలుపు అవతల. కొమ్మలు కత్తిరించడానికి గ్లవ్స్ కూడా కొన్నాను, ఆ పాలు మా చేతులకూ పడవట. చలికాలంలో తమరు ఆకులన్నీ రాల్చి మోడై నిలబడతారు కదా, ఆ నెలల చీపుళ్ల ఖర్చు తమ ఖాతాలోనే రాస్తున్నాను.

ఇట్లు,
తమకు నీళ్లు పోసే విధేయుడు