మీ ఆలస్యానికి ఐన్‌స్టీన్ పూచీనా?

"ఐదే ఐదు నిమిషాలు మామా, దారిలోనే ఉన్నా" అన్నాడు మా స్నేహితుడు ఫోన్లో. వెనకాల కుక్కర్ కూత! దారిలో కుక్కర్ ఎక్కడిది? ముప్పావుగంట ఎండలో నిలబెట్టాడు. తీరిగ్గా బండి దిగి ఏమంటాడో తెలుసా? "ఊరుకో మామా, కాలం సాపేక్షం, ఒక్కొక్కరికీ ఒక్కోలా నడుస్తుంది. ఐన్‌స్టీనే చెప్పాడు కదా!"

ఏం చెప్పాడయ్యా ఆయన? వేగంగా కదిలేవాడి గడియారం నెమ్మదిస్తుందని 1905లో చెప్పాడు. అదీ ఎంత? 60 కిలోమీటర్ల వేగంతో గంటసేపు బండి తోలితే, సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి అందులో ఐదారు ముక్కలు. అదెక్కడ, ముప్పావుగంట ఎక్కడ? అసలు నువ్వు ఇంట్లోంచి కదిలితే కదా!

ఇంకో రకం ఉన్నారు. రాంగ్ రూట్లో ఎదురొచ్చి, మనమీదే హారన్ కొట్టి, "తప్పూ ఒప్పూ అన్నీ సాపేక్షమే సార్" అంటారు. ఒళ్లు మండిపోతుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం నిలబడిందే మారని దాని మీద! ఎవరు కొలిచినా శూన్యంలో కాంతి వేగం ఒక్కటే, సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. పరిగెత్తేవాడికీ అంతే, కూర్చున్నవాడికీ అంతే.

1971లో అణు గడియారాల్ని, అంటే మహా కచ్చితమైన గడియారాల్ని, విమానాలెక్కించి భూమి చుట్టూ తిప్పారు. నేలమీది గడియారాలతో పోల్చి, సెకనులో వంద కోట్లో వంతు లెక్కన తేడాలు పట్టుకున్నారు. అంత నికార్సైన శాస్త్రాన్ని తెచ్చి నీ బద్ధకానికి గొడుగు పడతావా? చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది ఇక్కడ. నాలుగున్నర అన్నావు. ఐదుంబావు అయింది. నా గడియారంలోనూ, నీ గడియారంలోనూ!