సవరణ: ఎలక్ట్రిక్ కారుకు కేంద్ర సబ్సిడీ

పోయిన వారం రాసినదాంట్లో, ఎలక్ట్రిక్ కారు కొంటే కేంద్రం నేరుగా సబ్సిడీ ఇస్తుందని చెప్పాను. అది తప్పు. సొంత వాడకానికి కొనే కారుకు, ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం తెచ్చిన పాత సబ్సిడీ పథకం ఫేమ్-2లోనూ ఆ సాయం లేదు, ట్యాక్సీల్లాంటి వాటికే ఇచ్చారు. 2024 అక్టోబర్‌లో మొదలైన కొత్త పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో అసలు కార్లే లేవు. ఎలక్ట్రిక్ కారుపై జీఎస్టీ 5 శాతమే కావడం కొంత ఊరట. స్కూటర్లకు ఇచ్చేదీ తగ్గుతూ వచ్చింది. నా మాట నమ్మి డౌన్ పేమెంట్ లెక్క వేసుకున్నవాళ్లు ఉంటే, దయచేసి క్షమించండి.

ఇంకొకటి, "పొగే ఉండదు" అన్నాను. బండి నుంచి ఉండదు, నిజమే. కానీ దాన్ని ఛార్జ్ చేసే కరెంటు ఎక్కడో తయారవ్వాలి; పరవాడ దగ్గర సింహాద్రి కరెంటు ప్లాంటులో మండేది బొగ్గే.

పెట్రోల్ ఖర్చు బంకు దగ్గరే ఆగిపోదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. లీటరు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి బాగోలేదని కేంద్రం జాతీయ కార్యక్రమంలో చేర్చిన నగరాల్లో మన విశాఖ ఉంది. మద్దిలపాలెం జంక్షన్‌లో రోజంతా నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గు ఏ పెట్రోల్ బిల్లులోనూ కనపడదు.

పాత రాతలో ఆ రెండు వాక్యాలూ మార్చాను.