300 జీఎస్ఎం శుభలేఖ

జాతకాలు కలిపించి, కట్నం పేరెత్తకుండానే కట్నం మాట్లాడి, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టి వచ్చిన ఆడపిల్ల తండ్రికి నేర్వవలసిన విద్య ఇంకొకటి మిగిలి ఉందని శుభలేఖల దుకాణంలో అడుగుపెట్టేదాకా తెలియదు. కౌంటరు వెనకాల కుర్రవాడు ఎన్ని కార్డులు కావాలని అడగడు. "ఎన్ని జీఎస్ఎంలో చూపించమంటారు సార్?" అంటాడు.

చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది, అంతకు మించి ఏమీ లేదు. 80 జీఎస్ఎం ఏ4 జిరాక్సు కాగితం 5 గ్రాములుంటుంది. అది బరువే గాని మందం కాదు కనుక, నునుపు పూత పూసి ఒత్తిన ఆర్ట్ కార్డు కంటే అదే జీఎస్ఎం గరుకు బోర్డు చేతికి దళసరిగా తగులుతుంది. ఇంత మాత్రం చెప్పడానికి అర నిమిషం చాలు. చెబితే బేరం చెడుతుంది కాబట్టి కుర్రవాడు కార్డును పెద్దాయన చెవి దగ్గర పెట్టి టక్కున మీటుతాడు. "సౌండ్ వినండి సార్." సార్ కళ్ళు మూసుకుని వింటారు. బావమరిది తానూ ఒకటి మీటి, "ఇందాకటిదే గట్టిగా పలికింది బావా" అంటాడు. 250, 300 వరుసగా మోగుతాయి. అంతలో పెళ్ళికూతురి మేనత్త, "మగపెళ్ళివారి కార్డు ఎంత పలికిందో!" అని ఒక నిట్టూర్పు విడుస్తుంది. దాంతో 350 ఖాయమవుతుంది.

తరువాత గోల్డ్ ఫాయిల్. తులం ధర కంఠతా వచ్చిన ఇల్లాలు సైతం ఆ మాటకు కొంగు సర్దుకుంటుంది గాని, కాల్చిన అచ్చుతో నొక్కి అంటించే ఆ మెరుపు సాధారణంగా రంగు వేసిన అల్యూమినియం పూతే. అచ్చు ఒకసారే చేస్తారు కనుక వంద కార్డులకైనా వెయ్యికైనా దాని ఖర్చు ఒక్కటే. తక్కువ కొట్టించుకునే సామాన్యుడికే అది ఎక్కువ తగులుతుందని ఎవరూ చెప్పరు. మ్యాట్ లామినేషన్ అంటే పైన ప్లాస్టిక్ పొర. దాని మీద నాలుగు మూలలా రాసిన పసుపు నిలవక జారిపోతుందంటే, "ప్రింట్‌లోనే పసుపు ఇచ్చేద్దాం సార్" అని జవాబు.

ఇన్ని హంగుల కార్డు లోపల ఏమి అచ్చు వేస్తారో చూశారా? ఎవరిదో పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి, టీ చల్లారేలోగా పని ముగిస్తారు. తిథి మారుతుంది, నిరుటి సంవత్సరం పేరు అలాగే ఉండిపోతుంది. ఫాంటు మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతే, వత్తులు లేని వరుడి పేరుకే ఫాయిల్ అద్దుతారు. మా బంధువుల ఇంటి శుభలేఖలో, నిక్షేపంగా బ్రతికి ఉన్న నాయనమ్మ పేరు ముందు కీ.శే. అని ముద్రించారు. మనవరాలి పెళ్ళి కదా అని కళ్ళజోడు తెప్పించుకుని మరీ ఆమె దాన్ని చదువుకుంది. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. కాగితం బరువును గ్రాములలో తూచి డబ్బు గుంజడం తెలిసినవాడికి, ఉన్న మనిషిని పోయినట్టు రాయకూడదని తెలియదా? ఆ నాలుగు పంక్తులు ఒక్కసారి పైకి చదవడానికి ఎన్ని జీఎస్ఎంల ఓపిక కావాలి? వెళ్ళి నిలదీస్తే క్షమించమన్న మాట రాలేదు. అర్ధరాత్రి వాట్సాప్‌లో పంపిన ప్రూఫు చూపించి, "మీరు ఓకే పెట్టారు కదండీ" అన్నారు. ఆ కీ.శే. మీద అంటించుకోవడానికి స్టిక్కర్లు ఇస్తామని, వాటి ఖర్చు వేరుగా ఉంటుందని కూడా చెప్పారు.